తడి చెయ్యి

టీవీలో హరీష్ ఇనప కమ్మీ పట్టుకుని నీళ్లమీద వేలాడుతున్నాడు. కమ్మీ మీదికి పైనుంచి నీళ్లు వదులుతున్నారు. మిగతా పోటీదారులు నిమిషంలోపే జారిపడ్డారు. అతనికి మూడో నిమిషం నడుస్తోంది.

కృత్తివెన్నులో అత్తగారింట్లో కూర్చుని, తన ఎపిసోడ్ తనే చూసుకుంటున్నాడు హరీష్. పక్కన మరదలు. కింద చాప మీద రొయ్యలు ఒలుస్తూ అత్తగారు ప్రభావతి. నిరుడు ఉప్పుటేట్లో పడవ తిరగబడి ప్రభావతి పెద్దకూతురు, అంటే అతని భార్య, పోయింది. ఇప్పుడు చిన్నదాన్నీ అతనికే ఇస్తున్నారు. వచ్చే నెల్లోనే పెళ్లి.

టీవీలో యాంకర్ అడిగింది. "ఇంత తడిలో పట్టు ఎలా దొరికిందండీ?"

"రొయ్యల చెరువుల్లో తడి వలలు లాగే చేతులండి. తడిస్తే ఇంకా బిగుస్తాయి. నేను వదిలితే తప్ప ఏదీ జారదు."

ప్రభావతి ఒలవడం ఆపింది. ఆ రోజు గట్టుమీద తన కాళ్లు పట్టుకుని ఇతను ఏడుస్తూ చెప్పింది ఒక్కటే మాట. "తడి చెయ్యి అత్తయ్యా, జారిపోయింది."

"ఏదీ, నా చెయ్యి పట్టుకో బావా. విడిపించుకుంటానేమో చూద్దాం," అంది చిన్నది నవ్వుతూ.

హరీష్ పట్టుకున్నాడు, అత్తగారి వైపే చూస్తూ.