తెర అవతల ఇంగ్లీషు

బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోంది. డాక్టరు సెమీసీ మాత్రం తెర అవతల గోడవైపు తిరిగి నిలబడి ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు.

"నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో అడుగు."

నర్సు ఫతాయికి ఒళ్ళు మండింది. రాజధాని నుంచి ఈ దీవికొచ్చి మూడు రోజులైంది. తనకొచ్చిన ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కడానికి సరిపోయింది, అంతే. మంచం మీదున్న లావినియాకి అదీ రాదు.

పొద్దున మోకాళ్ళ నొప్పుల తాతతో ఈ మహానుభావుడే సీమపనస కాపు గురించి ఇక్కడి టోంగా భాషలో అరగంట ముచ్చటించాడు. లావినియా గుమ్మంలో కనబడగానే దొరగారైపోయాడు.

పెద్దాసుపత్రికి పడవలో పూట ప్రయాణం. సముద్రం చూస్తే అల్లకల్లోలంగా ఉంది. తల్లీబిడ్డా బతికితే ఇక్కడే బతకాలి.

"ఉమ్మనీరు పోయిందా?"

ఫతాయి ఆ ప్రశ్నని టోంగాలో అడిగి, జవాబుని ఇంగ్లీషులోకి ఈడ్చుకొచ్చేసరికి ఇంకో నొప్పి వచ్చి పోయింది.

"మీరే వచ్చి చూడండి డాక్టరుగారూ! నా వల్ల కాదు."

"అవుతుంది. లాగకు. దానంతటదే జారనీ. ఏం కనిపిస్తోంది?"

"నడుం."

"భుజాలు?"

"ఇంకా లేదు... ఆఁ, వచ్చాయి!"

అతని గొంతు వణుకుతోంది. అంత భయపడేవాడు వచ్చి ఓ చెయ్యి వెయ్యొచ్చుగా అని ఫతాయి లోపల్లోపల తిట్టుకుంది. లావినియా ఒక్క కేకైనా వెయ్యలేదు. తువ్వాలు నోట్లో కుక్కుకుని పళ్ళు బిగపట్టింది.

చివరికి బిడ్డ కెవ్వుమంది. ఆడపిల్ల. తల్లి క్షేమం. ఆ మాట విని డాక్టరు "గుడ్" అని, ఇటువైపు తొంగైనా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

పెద్దల ముందుకొచ్చేటప్పటి దీవి పద్ధతిలో నడుముకి చాప చుట్టుకుని మూల కూర్చున్న లావినియా అత్తగారి మీద ఫతాయి విరుచుకుపడింది.

"నీ కోడలు నా చేతుల్లో పోయేది పెద్దమ్మా! నీకు చీమ కుట్టినట్టయినా లేదే! ఆ దొరబాబు మన భాషలో అడిగితే నోరు అరిగిపోతుందా?"

ముసలామె మనవరాలి ఒంటికి కొబ్బరినూనె రాస్తూ నింపాదిగా అంది:

"ఎంత డాక్టరైతే మాత్రం, తోడబుట్టిన చెల్లెల్ని అలాంటి మాటలు మన భాషలో ఎలా అడుగుతాడే తల్లీ?"