అత్తగారి కత్తెర

పిల్లల వార్డుకి ఇంకో ఇద్దరు నర్సులు కావాలని పెద్ద డాక్టరుని అడగడానికి హెడ్ నర్సు ముప్ఫై స్లైడ్లు తయారుచేసింది. అత్తగారు రిటైరైన తెలుగు టీచరు కాబట్టి, అచ్చుతప్పులు దిద్దమని లింకు ఆవిడకి పంపింది.

మర్నాడు డ్యూటీ హడావిడిలో మళ్ళీ చూసుకోకుండానే మీటింగుకి పరిగెత్తింది. తెర మీద తొమ్మిదే స్లైడ్లు! స్వాగతం లేదు, ఆసుపత్రి చరిత్ర లేదు, ముచ్చటపడి రాసుకున్న ఆశయాలూ లేవు. మొదటి స్లైడే ఒక ఫొటో: ఇరవై రెండు మంచాలు, ఒక్క నర్సు.

చేసేదిలేక ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఏడు నిమిషాల్లో అయిపోయింది.

"హమ్మయ్య! ఈ గదిలో ఇన్నాళ్ళకి ఒకరు సూటిగా మాట్లాడారు," అన్నాడు పెద్ద డాక్టరు. "ఇద్దరు కాదమ్మా, ముగ్గుర్ని తీసుకోండి."

సాయంత్రం ఇంటికి వస్తూనే ఆమె అత్తగారిని వాటేసుకుంది.

"అత్తయ్యా, ఎంత బాగా కత్తిరించారు! నా సోదంతా ఎలా పట్టేశారు?"

అత్తగారు తెల్లబోయారు.

"నేనేం కత్తిరించానే? పేజీ తిప్పాలంటే లాప్‌టాప్‌లో ఆ మూల బటన్ నొక్కాలనుకున్నాను. నొక్కితే చదివింది పోయి తర్వాతది వచ్చేది. ఇరవై ఒకటి అయ్యేసరికి కునుకు పట్టేసింది గానీ, లేకపోతే మిగతావీ శ్రద్ధగా చదివేసేదాన్నే తల్లీ!"