మబ్బు పట్టిన మూడో రోజు

పిల్లల ఒళ్ళు ఆకుల్లా పచ్చబడి, ఎండతోనే కడుపు నిండిపోతున్న కాలమది. కాకినాడలో నూకరత్నం రోజూ డాబా మీద వడియాలతో పాటే ఏడేళ్ళ కూతురు శ్రావ్యనూ అటూ ఇటూ తిప్పి ఎండబెట్టేది. మూడు రోజులుగా మబ్బు వీడలేదు. పిల్ల పచ్చదనం పాలిపోయి, మెడ వాల్చేసింది.

“రేపు కాస్తుందిలే రత్నం, ఎందుకంత కంగారు?” అంది పక్కింటి గంగమ్మ.

“అందాకా ఉంటుందా వదినా ఇది?”

నూకరత్నం నిద్రలేని కళ్ళతోనే తన కంచంలోని పప్పన్నం ముద్ద చేసి, కూతురి నోట్లో పెట్టింది.

ముద్ద బుగ్గనే ఉంచుకుని శ్రావ్య బిత్తరపోయింది. “దీన్నేం చెయ్యాలమ్మా?”

నూకరత్నం పిల్లకెదురుగా కూలబడి, ఖాళీ నోటితో నమిలి చూపిస్తూ, ఆ చిన్న దవడ కదిలేదాకా ఆపలేదు.