రెండో బెడ్డు కెమెరా

"ఆ కోడ్ నంబరు ఇస్తావా, పెద్ద డాక్టరు దగ్గరికే వెళ్ళి అడగమంటావా?" అంది అత్తగారు, కోడలి మంచం దగ్గర నిలబడి.

కాన్పు ఆపరేషన్ కుట్లు చీము పట్టి కోడలికి పది రోజులుగా జ్వరం. అది తగ్గేదాకా కింది అంతస్తులోని పసిపిల్లల ఐసీయూలోకి రానిచ్చేది లేదన్నారు. తల్లి తప్ప మిగతావాళ్ళకు ఎటూ ప్రవేశం లేదు. నెలలు నిండకుండా పుట్టిన పాపను చూడాలంటే బెడ్డుకు బిగించిన కెమెరా ఒక్కటే దిక్కు. అలాంటి బెడ్లు అక్కడ రెండే ఉన్నాయి. పాపది ఒకటో బెడ్డు. ఫోనులో కోడ్ కొడితే చాలు, కనుబొమల దాకా దిగిన టోపీ, ముక్కులో ఆక్సిజన్ గొట్టం, పిడికెడంత మొహం కనిపించేవి. రోజంతా అదే చూస్తూ ఏడ్చేది.

"ఇన్నాళ్ళూ లేని ప్రేమ ఇవాళ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది అత్తయ్యా?"

"ఆరోజు ఏదో నోరు జారాను. దాన్నే పట్టుకుని వేలాడతావేంటమ్మాయ్?"

నోరు జారడమట. ఆపరేషన్ గది బయట పాపను ఒక్క క్షణం చూసి, "ఇది మా పోలిక కాదు. ఎవరి పోలికో దీని అమ్మనే అడగండి" అంది ఈ మహాతల్లి. నర్సులు విన్నారు, ఆయాలు విన్నారు. ఆపైన కొడుకు చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ కొడుకు, అంటే ఈమె మొగుడు, గంగిరెద్దులా తలూపుతూ వెళ్ళాడు. మళ్ళీ ఈ ఆదివారం సాయంత్రమే రావడం. వచ్చి గోడకు ఆనుకుని తన చెప్పులు తనే చూసుకుంటున్నాడు.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే బదులు తీర్చుకోవాలనుకుంది.

కోడ్ అంటే బ్రహ్మరహస్యమేం కాదు. ఒకటో బెడ్డుకు నాలుగు ఒకట్లు, రెండో బెడ్డుకు నాలుగు రెళ్ళు. ఆస్పత్రివాళ్ళ తెలివి అంతవరకే. ఆమె కాగితం ముక్క మీద 'రెండో బెడ్డు' అని రాసి, కింద నాలుగు రెళ్ళు వేసి ఇచ్చింది. మొగుడు చదువుకుని, తలూపి, జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అత్తగారి ఫోను.

"అమ్మాయ్, ఆ చెవి చూశావా? అచ్చు మీ మామగారిదే."

"అలాగా అత్తయ్యా."

"ఆ కాలి బొటనవేలు మాత్రం నాది. మా అక్కకి కూడా చూపించాను. మా రక్తం ఎక్కడికి పోతుంది అంది."

"మీరు చెబితే కాదనేదెవరు అత్తయ్యా" అని ఫోను పెట్టేసి, కోడలు కడుపారా నవ్వుకుంది. నవ్వు ఆగాక ఒకటో బెడ్డు కెమెరా తెరిచింది. "ఆ గొట్టం ఇంకా తియ్యలేదేంటే నా తల్లీ" అని తెరను ముద్దు పెట్టుకుంది. "మన పరువు తీసినవాళ్ళ పరువు తీస్తాను, చూస్తూ ఉండు" అని ఆ పాపకు మాట కూడా ఇచ్చింది.

బుధవారానికి జ్వరం దిగింది. ఐసీయూలోకి రమ్మన్నారు. "మీవాళ్ళందరినీ తీసుకురండి అత్తయ్యా, ఆ తలుపు దగ్గర కలుద్దాం" అని కబురు పెట్టింది. అత్తగారు సంచీ నిండా పసిబట్టలతో దిగింది. వెనక ఆవిడ అక్క, ఇద్దరు మరుదులు, వాళ్ళ పెళ్ళాలు, చివర ఈమె మొగుడు. వరండాలో ఆ రోజు విన్న ఆయాలే ఉన్నారు.

"పాప ఎవరి పోలిక అత్తయ్యా? అందరికీ వినపడేలా చెప్పండి."

"ఇంకెవరి పోలిక, మా పోలికే. కాదన్నవాళ్ళ కళ్ళు పోతాయి."

"అయితే వినండి" అంది కోడలు. "మూడు రోజులుగా మీరు చూసి మురిసిపోయింది రెండో బెడ్డు పాపని. ఆ పిల్ల ఎవరో నాకే తెలీదు. నా బిడ్డది ఒకటో బెడ్డు. కన్నబిడ్డకీ పరాయి బిడ్డకీ తేడా తెలియని ఈ కళ్ళతోనేనా నా మీద నింద వేసింది?"

అత్తగారి చేతిలోని సంచీ జారి కిందపడింది. ఆయా ఒకామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మరుదుల పెళ్ళాలు ఒకరినొకరు చూసుకున్నారు. కోడలి కడుపులో ఇన్నాళ్ళ మంట చల్లగా ఆరిపోయింది. ఇంత హాయిగా ఆమె ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో.

అంతలో తలుపు తెరుచుకుంది. నర్సు ఒక పాపను పొత్తిళ్ళలో పెట్టుకుని బయటికి వచ్చింది. ఆ పాప ముక్కులో గొట్టం లేదు.

"అదేంటమ్మా అలా అంటారు? మీ పాపే రెండో బెడ్డు" అంది నర్సు, పాప చేతికున్న పట్టీ మీద తల్లి పేరు చూపిస్తూ. "ఊపిరి బాగా తీసుకుంటోందని ఆదివారం పొద్దున్నే గొట్టం తీసేశాం. ఒకటో బెడ్డు దగ్గరే కదా ఆక్సిజన్ ఉంది, అది అవసరమైన ఇంకో పాపని అక్కడ పడుకోబెట్టి మీ పాపని ఇటు మార్చాం. మీకు జ్వరమని మీవారికి ఫోన్ చేసి చెప్పాం."

"అది విన్నాకే కదా వచ్చాం. నువ్వూ రెండో బెడ్డనే రాసిస్తే, నీకూ చెప్పారనుకున్నాను" అని గొణిగాడు మొగుడు.

అత్తగారు కిందపడ్డ సంచీ తీసుకుని, దుమ్ము దులిపి, కోడలి మొహంలోకి చూసింది.

"కన్నతల్లివి కదా, మరి ఈ మూడు రోజులూ నువ్వు ఎవరి బిడ్డను చూసుకున్నావమ్మాయ్?"