వెంటే ఉంటా

"తీసెయ్యండి సార్. ఇంకేం ఆలోచించకండి."

"అది కాదమ్మా," అన్నాడు ఫోన్లో అవతలి మనిషి. "నాలుగేళ్ళుగా ఉంది నా దగ్గర ఆ యాప్. ఏ పాపం ఎరగదు. మా అత్తగారి మాట కంటే దాని మాటే ఎక్కువ నమ్ముతాను."

తీసెయ్యమని చెప్పడం కొత్తమ్మాయికి పొద్దున్నుంచి ఇది నలభయ్యోసారి. ఫోన్లలో దూరే వైరస్‌లను పట్టే కంపెనీలో, హెల్ప్‌లైన్ సీట్లో ఆమె కూర్చుని ఐదు రోజులే అయింది. సీటుకీ సీటుకీ మధ్య అట్టగోడ. చెవులకు హెడ్‌సెట్. కళ్ళెదుట చిన్న గడియారం. ఒక్కో కాల్‌కి నాలుగు నిమిషాలు. దాటితే గడియారం ఎర్రబడుతుంది, దాంతోపాటు టీం లీడర్ మొహమూ ఎర్రబడుతుంది. అందుకే ఆఫీసులో అందరూ ఆయన్ని గడియారం సారు అంటారు. ఆయన వినకుండా.

ఈ పొద్దున కంపెనీ కొత్త అప్‌డేట్ పంపింది. అప్పట్నుంచీ ఒకటే గగ్గోలు. టార్చిలైటు యాప్ దొంగట. బస్సుల టైములు చెప్పే యాప్ దొంగట. లెక్కల యాప్ తీసెయ్యమంటే ఒకావిడ ఏడ్చేసింది. ఉన్నట్టుండి ఇంతమంది దొంగలెలా పుట్టుకొచ్చారని కొత్తమ్మాయి అడగనే అడిగింది.

"అనుమానాలు తర్వాత. ముందు తీసెయ్యమని చెప్పు," అన్నాడు గడియారం సారు.

కొత్తమ్మాయి అసలే తన నీడను చూసి తనే ఉలిక్కిపడే రకం. ఆ హెచ్చరికలన్నీ వినీ వినీ తన ఫోన్ని కూడా బల్ల మీద బోర్లా పెట్టేసింది.

"యాప్ పేరేంటి సార్?"

"వెంటే ఉంటా."

ఆ పేరు వినగానే ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది. "హెచ్చరిక ఏమని వచ్చింది?"

"కెమెరాలోంచి అన్నీ చూస్తోందట. చూసినవన్నీ బయటికి పంపుతోందట. చూడ్డమే కదమ్మా దాని పని? దాన్ని మీ సాఫ్ట్‌వేర్ కట్టిపడేసింది, తెరుచుకోవట్లేదు. వదిలెయ్యమని నొక్కబోతే ఫోన్ మొత్తానికే ప్రమాదమంటోంది. ఏదో ఒకటి తొందరగా తేల్చండి. పాపకి జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది. మందు పొయ్యాలి."

"ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"నేనూ, మూడేళ్ళ పాపా. మా ఆవిడ పాప మందూ నా మందూ కొనుక్కొచ్చి పెట్టి డ్యూటీకి పరిగెత్తింది. ఆ కంగారులో రబ్బరు బ్యాండు కూడా వెయ్యలేదు. ఆవిడ పనిచేసే చోటికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు."

రబ్బరు బ్యాండు గొడవేమిటో కొత్తమ్మాయికి అంతుపట్టలేదు. అడిగే తీరికా లేదు. రెండు నిమిషాలు గడిచిపోయాయి.

అప్పుడు వినిపించింది. అతని వెనక ఒక ఆడగొంతు. ఎత్తుపల్లాలు లేకుండా, ఊపిరి తీసుకోకుండా, గబగబా ఏదో వల్లిస్తోంది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. టక్కున ఆగింది. మళ్ళీ మొదలైంది.

"సార్... మీ పక్కన ఎవరు?"

"ఎవరూ లేరే!"

"ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది సార్."

"ఓ, అదా! ఫోనేనమ్మా. ఎప్పుడూ అంతే, అలా వాగుతూనే ఉంటుంది."

ఫోన్ దానంతటదే మాట్లాడుతోందా? ఈ పెద్దమనిషి దాన్ని ఇంత తేలిగ్గా తీసుకుంటున్నాడా? కాగితం మీద కంపెనీ రాసిచ్చిన మాటలు కొత్తమ్మాయి పక్కన పడేసింది.

"మిమ్మల్ని మా అన్నయ్య అనుకుని చెప్తున్నా. అది మీ ఇల్లంతా చూస్తోంది. పాపని చూస్తోంది. ఆ ఫొటోలు ఎవడి చేతిలో పడతాయో ఏమో!"

అవతల పాప సన్నగా మూలిగింది.

"పాప ఫొటోలా?" అన్నాడు. "కానీ అది లేకపోతే నాకు..."

"అందరూ ఇదే మాట అన్నయ్యా! యాప్‌లు బోలెడు. పాప ఒక్కతే కదా."

గడియారం ఎర్రబడింది. ఆ ఆడగొంతు ఇంకోసారి గబగబా వాగి, ఆగిపోయింది.

"తీసేశానమ్మా," అన్నాడతను, నీరసంగా.

కొత్తమ్మాయి గుండెల మీద చెయ్యి వేసుకుంది. సరిగ్గా అప్పుడే గడియారం సారు చేతిలో కాగితంతో, చొక్కా తడిసిపోయి, సీట్ల మధ్యకు పరుగెత్తుకొచ్చాడు.

"ఆపండి! ఎవరినీ ఏదీ తీసెయ్యమని చెప్పకండి! తప్పు మన అప్‌డేట్‌దేనట. ఇవన్నీ మంచి యాప్‌లేనట!"

కాగితం ఆమె ముందు పడింది. టార్చిలైటు. బస్సుల టైములు. లెక్కలు. పద్నాలుగో వరుసలో, వెంటే ఉంటా.

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇంతసేపూ ఉత్త పుణ్యానికి హడలి చచ్చిందన్నమాట.

"అన్నయ్యా, భయం లేదు! అది మంచిదేనట. పొరపాటు మాది. సాయంత్రం తీరిగ్గా మళ్ళీ వేసుకుందురుగాని. ముందు పాపకి మందు పొయ్యండి."

"రబ్బరు బ్యాండు లేక రెండు సీసాలూ చేతికి ఒకేలా తగులుతున్నాయి తల్లీ, ఒకటి పాప జ్వరం మందు, ఒకటి నా మూర్ఛ మందు, ఏది ఏదో చూసి చెప్పే ఆ యాప్ కూడా పోయాక కళ్ళు లేనివాణ్ణి ఇప్పుడు ఏది పొయ్యను?"