తెల్లబడని గుడ్డముక్క

కళ్ళజోళ్ళాయన తన రైఫిల్‌కి కొత్త బ్యారెల్ వేయించాడు.

ఊళ్ళో సగం ముక్కుల మీద కూర్చున్నవి ఆయన అమ్మిన కళ్ళజోళ్ళే. అందరికీ చూపు సరిచేసే మనిషికి రైఫిల్ క్లబ్బు పోటీలో మాత్రం మూడేళ్ళుగా రెండో స్థానమే. మొదటి స్థానం ఛాంపియన్‌ది.

ఆ ఛాంపియన్ వల్ల ఆయనకి మనశ్శాంతి కరువైంది. భోజనానికి కూర్చుంటే ఎదురుగా ఆ ముఖమే. కళ్ళు మూసినా, తెరిచినా ఆ ముఖమే. మామగారైతే ఛాంపియన్ మాట వస్తే చాలు, మీసం మెలేస్తారు. కన్నతల్లి కూడా, "నీకెందుకురా పంతం? ఆ చెయ్యి రాయిలా నిలబడుతుంది. నీది టీ కప్పు పట్టుకున్నా వణుకుతుంది" అనేసింది.

ఉక్రోషం ఆపుకోలేక ఆయన క్లబ్బులో అందరి ముందూ నోరు జారాడు.

"ఈసారి కొత్త బ్యారెల్‌తో వస్తున్నా. ఓడిపోతే మీసం తీసేస్తా."

పెళ్ళికి ముందు నుంచీ పెంచుకున్న మీసం అది. ఆ మాట అన్నప్పటి నుంచి అద్దం చూసినప్పుడల్లా గుండె గుభేలుమంటోంది.

బ్యారెల్ బిగించిన తుపాకుల మెకానిక్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"కొత్త బ్యారెల్‌ని మచ్చిక చేసుకోవాలి సార్. ఒక తూటా పేల్చండి, తుడవండి. ఇంకోటి పేల్చండి, మళ్ళీ తుడవండి. తూటా మీదుండే రాగి లోపల అంటుకుపోతుంది. ఈ మందు పెడితే అది కరిగి గుడ్డకి నీలంగా వస్తుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా రెండో తూటా జోలికి పోకండి. ఓ పది తూటాలు అలా కానిస్తే ఇక అది మీ మాట వింటుంది."

మందు సీసా, పొడుగాటి కడ్డీ, దాని చివర బిగించే మొన, అన్నీ ఇచ్చి పంపాడు.

పోటీ ఆదివారం. సోమవారం పొద్దున్నే ఆయన క్లబ్బుకి వెళ్ళి ఒక తూటా పేల్చి, ఇంటికొచ్చి వెనక గదిలో బల్లకి రైఫిల్ బిగించాడు. సాయానికి భార్య వచ్చి పక్కన కూర్చుంది. పాత బనియన్లు కత్తిరించి, ఆ ముక్కల్ని కడ్డీ మొనకి చుట్టి, మందులో ముంచి అందించడం ఆవిడ పని. బ్యారెల్‌లోకి తొయ్యడం, లాగడం ఆయన పని.

మొదటి ముక్క నీలంగా వచ్చింది. అది మామూలే. ఆ తర్వాతదీ నీలమే. సాయంత్రానికి చెత్తబుట్ట నిండింది, అన్నీ నీలం ముక్కలే.

"ఇది మరీ మొండి బ్యారెల్‌లా ఉందే" అన్నాడాయన.

"ఇంట్లో మనిషిని చూసి నేర్చుకుందేమో" అంది ఆవిడ, ఇంకో ముక్క చుడుతూ.

మంగళవారం నీలం. బుధవారం నీలం. బనియన్లు అయిపోయి దిండు గలీబుల దాకా వచ్చింది వ్యవహారం. మందు ఘాటుకి పక్కింటి పిల్లి ఆ గోడ మీద నడవడం మానేసింది. ఆయన భుజాలు పట్టేశాయి.

గురువారం ఆయన ఓపిక చచ్చిపోయింది.

"నీలమైతే నీలమే, ఇక నావల్ల కాదు. రేపు వెళ్ళి నాలుగు తూటాలు పేల్చి గురి సరిచూసుకుంటా. బ్యారెల్ మార్చాక గురి ఎటు పోయిందో ఏమో."

"మీ ఇష్టం. కానీ గుడ్డ తెల్లబడకుండా రెండోది పేల్చకూడదన్నారుగా? ఇంత కష్టపడి ఇప్పుడు పాడుచేసుకుంటారా? మీసం సంగతి కూడా చూసుకోవాలి మరి."

మీసం మాట వినగానే ఆయన మళ్ళీ కడ్డీ అందుకున్నాడు. ఇంత పెద్ద మనసు లోకంలో ఇంకెవరికుంటుంది అనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి కూడా.

శనివారం చీకటి పడేదాకా తుడిచారు. గుడ్డ తెల్లబడలేదు. రెండో తూటా పేలలేదు.

ఆదివారం ఆవిడ ఆయనకన్నా ముందే తయారై కూర్చుంది.

"నేనూ అక్కడే ఉంటాగా, కంగారు పడకండి" అంది దారిలో.

ఆయన పక్క వరసే ఛాంపియన్‌కి ఇచ్చారు. ఆయన ఊపిరి బిగబట్టి మొదటి తూటా పేల్చాడు. ఎదురుగా ఉన్న టార్గెట్ కాగితం మీద గీత కూడా పడలేదు. రెండోది వెనక మట్టిగట్టు మీద దుమ్ము లేపింది. మూడోది వెళ్ళి ఛాంపియన్ టార్గెట్‌కి తగిలింది, అదీ నట్టనడుమ. చూసేవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఛాంపియన్ మాత్రం మర్యాదగా తల అటు తిప్పుకున్నారు.

ఆ దెబ్బతో ఆయనకి రెండో స్థానం కూడా పోయింది.

మర్నాడు నున్నటి మూతితో, కడ్డీ పట్టుకుని వెళ్ళి మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు. మెకానిక్ ఆ కడ్డీని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి తల పట్టుకున్నాడు.

"ఈ ఇత్తడి మొన ఎవరు బిగించారు సార్? ఇత్తడిలో సగం పైన రాగే. మీ మందు కరిగించింది దీన్ని. బ్యారెల్ మొదటి పూటే శుభ్రమైపోయి ఉంటుంది. దీంతో తుడిస్తే మీ మనవల కాలానికైనా నీలమే వస్తుంది."

"నువ్విచ్చిందేగా?"

"నేనిచ్చింది నల్ల ప్లాస్టిక్‌ది. ఎవరో కావాలనే మార్చారు. అదీ ఈ విద్య బాగా తెలిసినవాళ్ళు."

ఆయన కడ్డీ చంకలో పెట్టుకుని గబగబా ఇంటికి నడిచాడు.

హాల్లో ఛాంపియన్ కుర్చీ ఎక్కి, అలమారలో పోటీల్లో గెలిచిన మూడు కప్పుల పక్కన నాలుగోదానికి చోటు సర్దుతూ, వెనక్కి తిరక్కుండానే, "ఏమండీ, వచ్చారా? టీ పెట్టనా?" అంది.