తొమ్మిదో గుంట సాక్షి

"కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలయ్యా కర్రని! పీక పిసికితే బంతి నీ మాటెందుకు వింటుంది?"

ఆదివారం పొద్దున. క్లబ్బు వరండాలో బావగారు పాఠం చెబుతున్నారు. చుట్టూ నలుగురు చేరారు. పక్క కుర్చీలో ఆయన బావమరిది తేలు కుట్టిన దొంగలా టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

బావగారిది పెయింట్ల కంపెనీలో కొనుగోళ్ళ మేనేజరు ఉద్యోగం. పదకొండేళ్ళుగా ఆదివారం తప్పకుండా గోల్ఫ్ ఆడుతున్నారు. ఆట అంతంత మాత్రమే, అభిప్రాయాలకు మాత్రం ఏనాడూ కరువు లేదు. టీవీలో గోల్ఫ్ చూసేటప్పుడు బంతిని చూడకూడదట, ఆడేవాడి నడుము చూడాలట. గాలిని తిట్టేవాడు జన్మలో బాగుపడడట. కొత్త కర్రలు కొన్నంత మాత్రాన పాత తప్పులు పోవట. ఇన్నాళ్ళూ ఎవరూ చెవిన పెట్టలేదు. మూడు నెలల నుంచి మాత్రం అందరూ కాగితం మీద రాసుకుంటున్నారు. ఒక్క దెబ్బకు బంతిని గుంటలో వేసినవాడి మాట కదా మరి!

ఆ ఒక్క దెబ్బే బావమరిదికి ముద్ద దిగనివ్వడం లేదు.

మూడు నెలల కిందటి ఆ ఆదివారం ఆడింది వాళ్ళిద్దరే. బావగారు ఒక్క సలహా ఇవ్వలేదు. ఎనిమిది గుంటలు అయ్యేదాకా ఆయన నోరు విప్పకపోవడం బావమరిది అంతకుముందెప్పుడూ చూడలేదు. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందన్నారు. తొమ్మిదో గుంట మిట్టకు అవతల ఉంటుంది, కొట్టే చోటు నుంచి కనిపించదు. బావమరిది ముందుగా మిట్టెక్కి చూశాడు. బావగారి బంతి గుంటకు జానెడు దూరంలో ఆగి ఉంది. వెనక ఆయన తలొంచుకుని, కర్రల బండి ఈడ్చుకుంటూ వస్తున్నారు. ఆ మొహం చూస్తే ఇతని ప్రాణం ఉసూరుమంది. బూటు కొసతో బంతిని మెల్లగా గుంటలోకి తోసేశాడు.

"బావా! పడింది! ఒక్క దెబ్బకే పడింది!"

బావగారు పరుగెత్తుకొచ్చారు. బంతిని రెండు చేతుల్లోకి తీసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

ఇలా పడినప్పుడు క్లబ్బులో ఒక పద్ధతుంది. పక్కన ఆడినవాడు కళ్ళారా చూశానని పుస్తకంలో సంతకం పెట్టాలి. బావమరిది పెట్టాడు. నలుగురికీ కళ్ళజోళ్ళు అమ్ముకు బతికే మనిషి, చూడనిదాన్ని చూశానని రాసిచ్చాడు.

పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. బావగారు ఎవరు కనబడితే వాళ్ళని కళ్ళజోళ్ళ షాపుకు లాక్కొచ్చి, "ఇదిగో, వీడే నా సాక్షి!" అని చూపించడం మొదలుపెట్టారు. మిగిలిపోయిన సెలవులు వాడుకుంటున్నానని పనిరోజుల్లో కూడా మైదానంలోనే తిరుగుతున్నారు. అదైనా నయమే అనుకుంటే, నిన్న అక్క షాపుకొచ్చింది.

"ఒరేయ్, మీ బావ ఉద్యోగం మానేస్తారట. గోల్ఫ్ నేర్పుతారట!"

"ఊరికే అంటార్లే అక్కా."

"ఊరికేనా? రాజీనామా రాసేశారు. సోమవారం ఇచ్చేస్తారట. ఇరవై ఆరేళ్ళ సర్వీసురా! పిల్లది ఇంకా కాలేజీలోనే ఉంది. ఆ దిక్కుమాలిన బంతి పడకపోయినా బాగుండేది. నువ్వైనా చెప్పరా, నీ మాటైతే వింటారు."

అక్క కళ్ళు తుడుచుకుంటుంటే అతనికి భూమిలోకి కూరుకుపోయినట్టయింది. ఇదంతా తన బూటు చేసిన పని.

వరండాలో పాఠం ముగింపుకొచ్చింది. "అన్నిటికంటే పెద్ద మాట ఒకటి వినండి. ఈ ఆటలో అంపైరు ఉండడు. ఎవడి తప్పు వాడే చెప్పుకోవాలి." నలుగురూ తలూపి లేచి వెళ్ళారు.

"బావా, నీతో ఒక మాట."

"నీ ఎడమ భుజం గురించేగా? ఎప్పుడో చెప్పాను, అది..."

"ఉద్యోగం మానకు బావా."

బావగారు పకపకా నవ్వారు. "మీ అక్క పంపిందా? ఒరేయ్, ఆ రోజు దేవుడే నాకు దారి చూపించాడురా!"

"దేవుడు కాదు బావా, నేను. బంతి జానెడు దూరంలో ఆగిపోయింది. నీ మొహం చూడలేక కాలితో తోశాను. తిట్టు, కొట్టు, క్లబ్బులో చెప్పి నా పేరు తీయించెయ్. ఈ అబద్ధాన్ని నమ్ముకుని మాత్రం ఉద్యోగం వదులుకోకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

బావగారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"జానెడేనా?" అన్నారు.

"జానెడే బావా."

"దగ్గరికే వచ్చిందన్నమాట."

తిట్టలేదు, కొట్టలేదు. బావమరిదికి మూడు నెలల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. హమ్మయ్య, అక్క సంసారం గట్టెక్కింది! ఇక ఆలస్యం చేయకూడదని చెయ్యి చాపాడు.

"ఆ రాజీనామా ఇలా ఇవ్వు బావా. నేనే చింపేస్తాను."

బావగారు కర్రల సంచీ జిప్పు లాగి, నలిగిపోయిన కవరొకటి తీసి అతని చేతిలో పెట్టి, మొహం అటు తిప్పుకున్నారు.

అది రాజీనామా కాదు, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేస్తూ కంపెనీ ఇచ్చిన ఉత్తరం, దాని మీది తేదీ ఆ బంతి పడిన ఆదివారానికి రెండు రోజుల ముందుది.